క్లౌన్ ఫిష్ జత కట్టడం: దొరసాని ట్యాంకులోకి కొత్త చేపని ఎలా దింపాను

పోయిన ఎపిసోడ్‌లో ఉప్పునీళ్ల ట్యాంకు ఎలా సెట్ చెయ్యాలో మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత మీలో చాలామంది అడిగింది ఒకటే. "నా దగ్గర ఒక క్లౌన్ ఫిష్ ఉంది, తోడుగా ఇంకోటి తెచ్చి వేస్తే చంపేస్తోంది, ఏం చెయ్యాలి?" ఈరోజు మొత్తం దాని గురించే. ముందే చెప్పేస్తున్నా, ఇదంతా చదివి నేర్చుకున్నది కాదు. నా చేతిలో ఒక చేప చచ్చిపోయాక నేర్చుకున్నది.

ఇదిగో, నా వెనకాల కనిపిస్తోంది కదా, ఇదే ట్యాంకు. విజయనగరంలో మా ఇంటి ముందుగది. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. రాళ్లూ ఇసకా పోను ఓ 150 లీటర్ల నీళ్లు ఉంటాయి. అందులో ఆ పెద్దది, నారింజ రంగు మీద మూడు తెల్ల పట్టీలు ఉన్నది, దాన్ని మా ఇంట్లో దొరసాని అంటాం. ఆ పేరు పెట్టింది మా మామ్మ. ఎందుకంటే గ్లాసు తుడవడానికి చెయ్యి పెడితే చాలు, వచ్చి కరుస్తుంది. నిజంగానే. నొప్పేం ఉండదు గానీ, ఏడు సెంటీమీటర్ల చేప మన చేతిని తరిమేస్తుంటే సిగ్గేస్తుంది.

దొరసానికి ఒక మొగుడు ఉండేవాడు. రెండుసార్లు గుడ్లు కూడా పెట్టింది. ఒక రాత్రి మూత సరిగ్గా పెట్టకుండా పడుకున్నాను. పొద్దున్న చూస్తే నేల మీద ఎండిపోయి ఉన్నాడు. క్లౌన్ ఫిష్ గెంతుతుందని చాలామందికి తెలీదు. తరిమితే గెంతుతుంది, భయపడితే గెంతుతుంది. మూత మీద మెష్ వెయ్యండి, ఆ విషయం ఇక్కడితో అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ చేపకి అంత కోపం ఎందుకు?

సముద్రంలో క్లౌన్ ఫిష్ ఒక సీ అనిమోన్‌లో కాపురం ఉంటుంది. అది పువ్వులా కనిపించే జంతువు, ముట్టుకుంటే కుడుతుంది. క్లౌన్ ఫిష్ ఒంటి మీది జిగురు వల్ల దీన్ని మాత్రం కుట్టదు. ఆ అనిమోన్ దాటి బయటికి వెళ్తే పెద్ద చేపలు మింగేస్తాయి. అంటే ఉన్నది ఒకటే ఇల్లు, అందులో గదులు తక్కువ. ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్దది ఆడది. రెండోది మగది. ఆ రెండే గుడ్లు పెట్టి పిల్లల్ని కంటాయి. మిగిలినవి చిన్నవి. అవి మగా కాదు ఆడా కాదు, లైన్లో నిలబడి ఉంటాయి అంతే.

ఆడది చచ్చిపోతే? మగది ఆడదిగా మారిపోతుంది. లైన్లో ఉన్న వాటిలో పెద్దది మగదవుతుంది. 1977లో ఫ్రిక్కె అనే ఇంటిపేరున్న ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఈ లింగమార్పిడి గురించే రాశారు. పెద్ద ఆడది పెత్తనం చేస్తూ మగదాన్ని మారకుండా ఆపుతుందని వాళ్లు చెప్పారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చూశారు కదా? అసలు లెక్క ప్రకారం నీమో వాళ్లమ్మ పోయాక నాన్న మార్లిన్ అమ్మగా మారిపోవాలి. సినిమావాళ్లు అది వదిలేశారు, మంచిపనే చేశారు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఏటంటే, మార్పు ఒక వైపే. మగది ఆడదవుతుంది. ఆడది మళ్లీ మగది అవ్వదు. ఎప్పటికీ అవ్వదు. అందుకే రెండు ఆడవాటిని ఒక ట్యాంకులో వేస్తే రాజీ అనేది ఉండదు. ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి.

ఇంకో శాస్త్రవేత్త, పీటర్ బస్టన్, 2003లో ఇంకా ఆశ్చర్యమైన విషయం చెప్పాడు. ఈ లైన్లో కింద ఉన్న చేప, పైదానికన్నా పెద్దవ్వకుండా తన ఎదుగుదలని తనే ఆపుకుంటుంది. పైది ఎంతుంటే ఇది అందులో సుమారు 80 శాతం దగ్గర ఆగుతుంది. తిండి లేక కాదు. పెద్దదైతే పైదానికి పోటీ అనిపిస్తుంది, ఇంట్లోంచి గెంటేస్తుంది. గెంటేస్తే చావే. అంటే సైజు అనేది ఈ చేపలకి మాట లాంటిది. "నేను నీకు పోటీ కాదు" అని ఒంటితోనే చెప్పడం.

ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే ఒక చేప బతికేది.

మొదటిసారి ఏం చేశానో చెప్తాను. వైజాగ్‌లో ఒక షాపుకి వెళ్లాను. మా ఆడది పెద్దది, కోపిష్టిది అని చెప్పాను. "అయితే కొంచెం పెద్ద సైజు తీసుకెళ్లండి, చిన్నదైతే తట్టుకోలేదు" అన్నారు. నాకూ నిజమే అనిపించింది. మనుషుల్లో అయితే అంతే కదా, బలమైనోడైతే నిలబడతాడు అనుకుంటాం. ఆరు సెంటీమీటర్ల చేపని తెచ్చాను. కవరు అరగంట నీళ్లలో తేలనిచ్చి, సాయంత్రం నేరుగా దొరసాని ట్యాంకులో వదిలేశాను.

మొదటి పది నిమిషాలు రెండూ పక్కపక్కన నిలబడి చూసుకున్నాయి. నేను వీడియో కూడా తీశాను, "చూడు, కలిసిపోయాయి" అని. తర్వాత చప్పుడు మొదలైంది. టక్ టక్ టక్ అని. క్లౌన్ ఫిష్ పళ్లు టకటకా కొడుతూ చప్పుడు చేస్తుంది, ట్యాంకు దగ్గర చెవి పెడితే వినిపిస్తుంది. అది బెదిరింపు. నాకు తెలీదు. రాత్రి పదకొండుకి చూస్తే కొత్తది పైన మూలన, హీటర్ వెనకాల ఇరుక్కుని ఉంది. తోక అంచులు చీలిపోయాయి. "అలవాటు పడతాదిలే" అనుకుని పడుకున్నాను. పొద్దున్న మామ్మ లేపింది. "ఒరే, అది సచ్చిపోనాదిరా, సూడు. ఇంటికొచ్చిన కొత్త పెళ్లికొడుకుని ఇలాగ సంపేస్తాదేటిరా ఇది?"

షాపువాళ్లని అనడం కాదు, హీటర్ వెనకాల దాన్ని చూసి కూడా పడుకున్నది నేనే. ఆ సైజుకి అది బహుశా అప్పటికే ఆడది, లేకపోతే అవ్వబోతున్నది. ఏడు సెంటీమీటర్ల దొరసానికి ఆరు సెంటీమీటర్ల చేప మొగుడిలా కనిపించలేదు. తన ఇల్లు లాక్కోడానికి వచ్చిన ఇంకో దొరసానిలా కనిపించింది.

కాబట్టి మొదటి రూల్, మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. పాతది పెద్దదైతే కొత్తది బాగా చిన్నది ఉండాలి. సగం, లేకపోతే సగంకన్నా తక్కువ. రెండున్నర, మూడు సెంటీమీటర్ల పిల్ల. అది ఇంకా మగా ఆడా తేలని వయసు. లొంగిపోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. మీ దగ్గర అసలు చేపే లేదనుకోండి, పని ఇంకా సులువు. రెండు పిల్లల్ని ఒకేసారి, ఒకటి కొంచెం పెద్దది ఒకటి కొంచెం చిన్నది తీసుకుని, రెండిటినీ ఒకే రోజు వదలండి. ఎవరి ఇల్లూ కాదు కాబట్టి గొడవ తక్కువ. మూడు మాత్రం వద్దు. రెండు జతకట్టాక మూడోదానికి పారిపోవడానికి సముద్రం లేదు, ఉన్నది మన మూడడుగుల గాజు పెట్టే.

అన్ని క్లౌన్ ఫిష్‌లూ ఒకటి కాదు, అది కూడా చూసుకోండి. ఆసెల్లారిస్, పెర్కులా, ఈ రెండూ కాస్త నెమ్మది. మా దొరసాని ఆసెల్లారిస్సే, నెమ్మది రకంలోనే ఇంత గొడవ! టొమాటో, క్లార్కీ రకాలకి కోపం ఎక్కువ. మెరూన్ క్లౌన్ అయితే, మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దని నా సలహా. వేరే వేరే రకాల్ని కలిపి జత చేద్దామని కూడా చూడకండి.

కొనేటప్పుడు హేచరీలో పుట్టినదా, సముద్రంలో పట్టినదా అని అడగండి. మన దేశంలో సీఎంఎఫ్ఆర్ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, తమిళనాడులో మండపం కేంద్రంలో ఎప్పుడో క్లౌన్ ఫిష్‌లని ట్యాంకుల్లో పిల్లలు చేయించింది. ట్యాంకులో పుట్టిన చేప పెల్లెట్ మేత తింటుంది, రోగాలు తక్కువ. దానితోపాటు లైవ్ రాక్ అని చెప్పి పగడపు ముక్కలు అంటగడితే కొనకండి. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న లిస్టు అది. నేను వాడేది సిరామిక్ రాయి.

సరే, పిల్ల చేప తెచ్చాం. నేరుగా పెద్ద ట్యాంకులో వెయ్యొద్దు. రెండు నుంచి నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచాలి. క్లౌన్ ఫిష్‌కి బ్రూక్లినెల్లా అని ఒక రోగం వస్తుంది. ఒంటి మీద తెల్లగా జిగురు ఊడొస్తుంది, రోజుల్లోనే చంపేస్తుంది, పక్క చేపకీ అంటుకుంటుంది. జత కడదామని రోగం తెచ్చుకోకూడదు కదా.

వేరే ట్యాంకు అంటే వేరే నీళ్లు. ఇక్కడే మనవాళ్లు షార్ట్‌కట్ వెతుకుతారు. "బ్రో, మనకి సముద్రం పక్కనే ఉంది కదా, చింతపల్లి బీచ్‌కెళ్లి రెండు డ్రమ్ములు తెచ్చేస్తే పోలా?" అని నన్ను ఎంతమంది అడిగారో. వద్దు. వానాకాలంలో వంశధార కళింగపట్నం దగ్గర, చంపావతి కోనాడ దగ్గర నీళ్లు తెచ్చి సముద్రంలో పోస్తాయి. ఒడ్డు దగ్గర ఉప్పు పలచబడిపోతుంది. ఏ రోజు ఎంత ఉప్పుందో తెలీదు, నీళ్లతో పాటు ఏం కొట్టుకొచ్చిందో అసలు తెలీదు.

ఇంకొందరు ఇంకో అడుగు ముందుకేసి, "మన నౌపాడ ఉప్పు ఉందిగా, అదీ సముద్రపు ఉప్పే" అంటారు. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఆ ఉప్పు మడుల గురించి నేను చెప్పక్కర్లేదు. మంచి ఉప్పే, పచ్చళ్లకి. చేపకి ఎందుకు పనికిరాదో చూడండి. మడిలో సముద్రపు నీరు ఎండుతుంటే అన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు జిప్సం కిందకి దిగిపోతుంది, దాంతో కాల్షియం చాలావరకు పోతుంది. తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం ఆఖర్న మిగిలిన చేదునీళ్లలో ఉండిపోతుంది, ఆ నీళ్లు వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చేది సముద్రంలో ఒక ముక్క. దాన్ని తిరిగి నీళ్లలో కలిపితే ఉప్పునీళ్లు అవుతాయి గానీ సముద్రం అవ్వదు. అక్వేరియం షాపుల్లో అమ్మే మెరైన్ సాల్ట్ కొనండి. ఆర్‌ఓ నీళ్లలో లీటరుకి సుమారు 35 గ్రాములు. 40 లీటర్ల ట్యాంకుకి కిలో నాలుగు వందల గ్రాములు పడుతుంది. రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 చూపించాలి.

ఇప్పుడు అసలు ఘట్టం, కొత్తదాన్ని దింపడం. నేను రెండోసారి చేసిన పద్ధతి చెప్తాను.

తెచ్చింది మూడు సెంటీమీటర్ల పిల్ల. మూడు వారాలు వేరే ట్యాంకులో ఉంది, తిండి బాగా తింది. తర్వాత ముందుగా దొరసాని ట్యాంకులో రాళ్లన్నీ అటూ ఇటూ మార్చేశాను. "ఇది నా మూల" అని అది గుర్తుపెట్టుకున్న మూల లేకుండా చేశాను అన్నమాట. తర్వాత చిల్లులున్న అక్రిలిక్ పెట్టె ఒకటి ట్యాంకు లోపల గోడకి తగిలించాను. బ్రీడింగ్ బాక్స్ అంటారు. అది దొరక్కపోతే వంటింట్లో కూరగాయలు కడిగే ప్లాస్టిక్ చిల్లుల బుట్ట ఉంటుంది కదా, కొత్తది కొని తేలేలా కట్టినా సరిపోతుంది.

పెట్టెలో ఎవరిని పెట్టాలి? అందరూ పిల్లని పెడతారు. నేను దొరసానిని పెట్టాను. పిల్లని బయట తిరగనిచ్చాను. ఎందుకంటే పిల్లకి దాక్కునే చోట్లు తెలియాలి, ఆ ఇంట్లో తిరగడం అలవాటవ్వాలి. దొరసానికేమో ఇల్లు తనొక్కదానిదే అనే పొగరు కాస్త దిగాలి. మామ్మకి మాత్రం నచ్చలేదు. ఇంటావిడని జైల్లో పెట్టి కొత్తోడికి ఇల్లప్పజెప్పేసినావేటిరా అని రోజూ సణుగుడే.

మొదటి మూడు రోజులు దొరసాని పెట్టె గోడకి ముక్కు కొట్టుకుంటూనే ఉంది. టక్ టక్ చప్పుడు. నాలుగో రోజు తగ్గింది. తొమ్మిదో రోజు నాకు ఓపిక అయిపోయింది, పెట్టె తెరిచేశాను. తొందరపడ్డాను. పగలు, లైటు వెలుగుతుండగా, మేత కూడా వెయ్యకుండా. రెండు నిమిషాల్లో పిల్ల తోక మీద ఒక గాటు పడింది. ఈసారి మాత్రం నేను మంచానికి వెళ్లలేదు. వల పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. దొరసానిని పట్టి మళ్లీ పెట్టెలో వేశాను. పిల్ల తోక నాలుగైదు రోజుల్లో మానింది. మంచి నీళ్లలో చేప తోక తొందరగానే మానుతుంది.

ఆ తర్వాత ఇంకో వారం ఆగాను. ఈసారి సాయంత్రం రెండిటికీ కడుపునిండా మేత వేశాను. ట్యాంకు లైటు ఆపేసి, గదిలో లైటు మాత్రం ఉంచాను. పెట్టె తెరిచాను.

దొరసాని నేరుగా పిల్ల మీదకి వెళ్లింది. అప్పుడు పిల్ల ఒక పని చేసింది. పారిపోలేదు. కొంచెం పక్కకి ఒరిగి, ఒళ్లంతా వణకడం మొదలుపెట్టింది. కరెంటు షాక్ కొట్టినట్టు గజగజా వణికింది. మొదటిసారి చూసినవాళ్లు చేపకి ఏదో అయిపోయిందని భయపడతారు. ఫ్రెండ్స్, మనం ఇన్ని వారాలు ఎదురుచూసేది ఆ వణుకు కోసమే. అది లొంగుబాటు. "అమ్మా, నువ్వే పెద్దదానివి" అని చెప్పడం. దొరసాని ఆగింది. ఒకసారి చుట్టూ తిరిగింది. వెళ్లిపోయింది. ఐదు నిమిషాలకి మళ్లీ వచ్చింది, ఇది మళ్లీ వణికింది, అది మళ్లీ వెళ్లిపోయింది. ఆ రాత్రి ఒంటిగంట దాకా ఇదే సీరియల్.

మీ ట్యాంకులో ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు వదిలెయ్యాలి అనేది దీన్నిబట్టే తెలుస్తుంది. తరమడం చూసి కంగారు పడకండి, తరుముతుంది. వణికాక ఆగుతోందా లేదా, అదొక్కటే చూడండి. ఆగితే వదిలెయ్యండి. చిన్నది వణుకుతున్నా పెద్దది కరుస్తూనే ఉంటే తియ్యండి. రెండూ నోళ్లు కరుచుకుని గిరగిరా తిరుగుతుంటే, అంటే ఎవరూ లొంగట్లేదు, వెంటనే తియ్యండి. చిన్నది పైన మూలన, హీటర్ వెనకాలో పైపు వెనకాలో ఇరుక్కుని మేతకి కూడా రాకపోతే, అది అలవాటు పడడం కాదు, చావుకి ముందు మెట్టు. నా మొదటి చేప అక్కడే ఉంది ఆ రాత్రి.

రెండు మూడుసార్లు ప్రయత్నించినా వణుకు రాలేదనుకోండి, ఆ జత అవ్వదు. చిన్నదాన్ని షాపుకి ఇచ్చెయ్యండి, లేకపోతే ట్యాంకున్న ఫ్రెండుకి ఇవ్వండి. ఒంటరిగా ఉన్న క్లౌన్ ఫిష్ ఏడుస్తూ కూర్చోదు. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లు కూడా బతుకుతుంది. తోడు లేదనే జాలి మనదే, దానిది కాదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

కరెంటు సంగతి ఒక్క మాట. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేకపోవడం మీ అందరికీ గుర్తే. అక్టోబర్, నవంబర్‌లో మన దగ్గర కొత్త చేపల్ని కలిపే పని పెట్టుకోకండి. రెండు చేపలు కొట్టుకుంటున్నప్పుడు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అదే టైములో కరెంటు పోతే రెండూ పోతాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంచండి, పెద్ద ఖరీదేం కాదు.

ఇప్పుడు చూడండి, కెమెరా దగ్గరికి తెస్తాను. ఆ ఎడమ మూలన మట్టి పెంకు ముక్క కనిపిస్తోందా? మా పాత వంటింటి మీద వేసిన బంగాళా పెంకు. రంగూ సిమెంటూ అంటనిది చూసి, వారం నానబెట్టి పెట్టాను. అనిమోన్ లేకపోయినా క్లౌన్ ఫిష్ ఇలాంటిదాన్నే ఇల్లు అనుకుంటుంది. నా ట్యాంకులో అనిమోన్ లేదు, దాన్ని బతికించడం చేపని బతికించడం కన్నా కష్టం.

కలిపి ఐదు నెలలైంది. పిల్ల ఇప్పుడు నాలుగున్నర సెంటీమీటర్లు ఉంది. రాత్రి లైటు ఆపాక రెండూ ఆ పెంకు కిందే పక్కపక్కన పడుకుంటున్నాయి. దొరసాని ఇప్పటికీ రోజుకి ఒకట్రెండుసార్లు తరుముతుంది, ఇది వణుకుతుంది, అయిపోతుంది. మొన్న ఆదివారం నుంచి కొత్త పని మొదలైంది. రెండూ కలిసి ఆ పెంకు మీది నాచుని నోటితో గీకుతున్నాయి. గుడ్లు పెట్టే చోటుని ముందు ఇలాగే శుభ్రం చేస్తాయి. పెడితే నీళ్లు 27, 28 డిగ్రీలు ఉన్నప్పుడు ఏడెనిమిది రోజుల్లో పొదుగుతాయి, అన్నాళ్లూ కాపలా, విసరడం, పాడైన గుడ్లు ఏరడం అంతా ఎక్కువగా మగదాని డ్యూటీయే.

ఇంకా గుడ్లు రాలేదు. నేను మాత్రం ఆదివారం నుంచి ఆ మూల గ్లాసు తుడవట్లేదు. ఇదివరకు ఒకటే కరిచేది, ఇప్పుడు రెండూ వచ్చి కరుస్తున్నాయి.